సుఖంగా ఉందా?

“ముందు ఆ అలెన్ కీ కింద పెట్టు!”

అన్న వేసిన అరుపుకి, తమ్ముడి చేతిలో ఉన్న ఆ బోల్టులు విప్పే కీ నిజంగానే కింద పడింది. వరండాలో అన్న గేర్ల సైకిల్ గోడకి ఆనించి ఉంది. సీటు బోల్టు అప్పటికే సగం విప్పి ఉంది.

“ఒక్క అంగుళం దించుకుంటానన్నయ్యా. నీ కాళ్ళ పొడుగు నాకెక్కడిది? తొక్కుతుంటే ఒళ్ళంతా అటూ ఇటూ ఊగిపోతోంది. హ్యాండిల్ అందుకోవాలంటే బోర్లా పడుకోవాల్సి వస్తోంది.”

“కొండ పందెమంటే అంతే మరి. నొప్పి పుట్టాలి. ఆ సీటు మీద కూర్చునే కదరా నేను రికార్డు కొట్టింది!”

కొట్టిన మాట నిజమే. ఊరి వెనక కొండ ఎక్కి దిగే పందెంలో అన్న పెట్టిన టైమును ఇంతవరకూ ఎవరూ దాటలేదు. ఆ తర్వాత అతని నడుము పోయింది. ఇప్పుడు బెల్టు కట్టుకోకపోతే చెప్పులు కూడా వేసుకోలేడు. మిగిలిందల్లా ఆ రికార్డు ఒక్కటే. కరెంటు మీటరు చూడటానికి వచ్చినవాణ్ణి కూడా కూర్చోబెట్టి, ఆ కథ చెప్పందే పంపడు.

“నిన్న ప్రాక్టీసులో నీ టైముకి దగ్గర దగ్గరగా వచ్చేశాను తెలుసా?” అన్నాడు తమ్ముడు. “ఒళ్ళు హూనమైంది గానీ వచ్చేశాను. రేపు పందెంలో కాస్త సుఖంగా కూర్చోగలిగితే చాలు.”

అన్న మొహం మాడింది. సైకిల్‌ని ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా ఓసారి చూశాడు. మళ్ళీ నోరు విప్పేసరికి గొంతు మెత్తబడింది.

“సుఖంగా కూర్చోవాలి, అంతేగా? పిచ్చివాడా, ముందే చెప్పొద్దూ! ఆ కీ ఇటివ్వు. ఎక్కి కూర్చో.”

తమ్ముడు గోడ పట్టుకుని ఎక్కాడు. అన్న అతని మడమను పెడల్ మీద పెట్టించి, కాలు తిన్నగా చాచగలిగే దాకా సీటు దించాడు. హ్యాండిల్‌ని పట్టి ఉంచే పొడుగు కడ్డీ తీసేసి, పొట్టిది వేసి పైకి లేపాడు. మణికట్టు వంచకుండా అందేలా బ్రేకులు తిప్పాడు. కుదుపులు తెలియకుండా ముందు చక్రం షాక్‌లో గాలి తగ్గించాడు. టైర్లలోనూ తగ్గించాడు. వంగినప్పుడల్లా పళ్ళు బిగబట్టాడు గానీ ఒక్క బోల్టూ తమ్ముణ్ణి ముట్టుకోనివ్వలేదు.

“సుఖంగా ఉందా?”

“ఉందన్నయ్యా.”

“హ్యాండిల్ ఇంకా లేపుతాను, ఉండు. ఇప్పుడు?”

“సోఫాలో కూర్చున్నట్టుంది!”

తమ్ముడు వీధి చివరిదాకా తొక్కి వచ్చి, “వదినా, మా అన్నయ్య చేతిలో ఏదో మంత్రముంది” అని గంతులేసుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

గుమ్మంలో నిలబడి మొదటినుంచీ చూస్తున్న అన్న భార్య అప్పుడు ఇవతలికి వచ్చింది.

“మీరు రికార్డు కొట్టిన రోజు సైకిల్ ఇలాగే ఉందా?”

“వాడు అడిగిందే చేశాను.”

“అడగందీ చేశారు. టైర్లలో గాలి తీయమన్నాడా?”

అన్న పాత కడ్డీని గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు.

“పాపం, వాడు మిమ్మల్ని దేవుడనుకుంటున్నాడు.”

“అనుకోనీ. సుఖం మరిగినవాడు కొండెక్కి గెలవడం నేనెక్కడా చూళ్ళేదు. హాయిగా వెళ్తాడు, హాయిగా ఆఖర్న వస్తాడు. వాడి సుఖం వాడికి, నా రికార్డు నాకు. ఎవరికేం నష్టం?”

ఆమెకి ఒళ్ళు మండింది. అడిగింది అడిగినట్టు ఇవ్వడంలో కూడా ఇంత విషం పెట్టవచ్చని ఆమెకి ఆ రోజే తెలిసింది. అదీ తోడబుట్టినవాడికి! చెప్పేద్దామని మరిది గది దాకా వెళ్ళింది. అతను ఫోన్లో ఎవరికో అన్నయ్య గురించి గొప్పగా చెప్పుకుంటున్నాడు. గుమ్మం నుంచే తిరిగొచ్చేసింది.

మర్నాడు పందెం ముగిసే చోట అన్న ముందు వరసలోనే ప్లాస్టిక్ కుర్చీ వేయించుకున్నాడు. పక్కవాళ్ళకి తన పందెం కథ మొదలుపెట్టాడు. కథ సగంలో ఉండగానే మొదటి సైకిల్ మలుపు తిరిగింది. దుమ్ములో మనిషి ఆనవాలు తెలియలేదు గానీ సైకిల్ తెలిసింది. తనదే.

తమ్ముడు గీత దాటి, దిగి, నీళ్ళు తాగి, సీసా మూత పెట్టే దాకా వెనక ఇంకొకడు రాలేదు. మైకులో కొత్త రికార్డు అని ప్రకటించారు. చుట్టూ అందరూ లేచి చప్పట్లు కొడుతుంటే అన్న కూడా చేతులు కలిపాడు.

తమ్ముడు మైకు అందుకున్నాడు. “ఈ గెలుపు నాది కాదు, మా అన్నయ్యది. తన రికార్డు పోతుందని తెలిసి కూడా, నడుము విరిగిపోతున్నా, బోల్టు బోల్టూ తనే బిగించాడు. ఇలాంటి అన్న ఎవరికుంటాడు?”

జనమంతా కుర్చీ వైపు తిరిగారు. చప్పట్లు రెట్టింపయ్యాయి. ఒకాయన కళ్ళు కూడా తుడుచుకున్నాడు. భార్య మాత్రం చేతులు కట్టుకుని నిలబడింది. నవ్వక తప్పదు గనక అన్న నవ్వాడు.

తమ్ముడు పరుగెత్తుకొచ్చి కుర్చీ పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఒళ్ళంతా దుమ్ము, మొహమంతా సంతోషం.

“దిగేదాకా ఎక్కడా ఒక్క నొప్పి లేదన్నయ్యా! ఆఖరి ఎత్తు మీద అందరూ నడుములు పట్టుకుని ఆగిపోతుంటే నేను తొక్కుతూనే ఉన్నాను.”

ఆ మాట అంటూ అన్న నడుము మీద ప్రేమగా చెయ్యి వేశాడు.

“ఇంత తెలిసినవాడివి, ఆ రోజుల్లో నీకు కూడా ఇలాగే బిగించుకుని ఉంటే, ఈ నడుము పోయేదే కాదు కదన్నయ్యా!”