నల్ల కుర్చీలు

వడ్రంగి మాల్యాద్రి పని నుంచి ఇంటికి రాగానే అతని భార్య ఆదిశేషమ్మ చేసే మొదటి పని, మొగుడి నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూడడం.

సిగ్గుపడే రోజులు ఎప్పుడో పోయాయి. కిందటి వేసవిలో సరుగుడు తోపులో ఎవడో దొంగచాటుగా కాచిన సారాయి తాగి అతను నెల్లూరు ఆసుపత్రిలో పడ్డాడు. "ఇంకోసారి తాగితే ముందు కళ్లు పోతాయి, వెనకే ప్రాణం పోతుంది" అన్నాడు డాక్టరు. తిరిగొచ్చాక మాల్యాద్రి తడిబట్టలతో పోలేరమ్మ ఎదుట నిలబడి, కల్లూ సారాయీ ముట్టనని ప్రమాణం చేశాడు. మద్యనిషేధం ఉంది కదా, ఇంకా భయమెందుకంటారా? నిషేధం కాగితం మీద ఉంది, సారాయి తోపులో ఉంది.

ఇప్పుడు ఆమెకి కొత్త గండం వచ్చిపడింది.

ఆ ఊరి మోతుబరి చెంచురామయ్య గారికి ఒంట్లో బాగాలేదని డాక్టరు చీటీ, ఆ చీటీ మీద సీమసారా పుచ్చుకోవడానికి సర్కారు పర్మిట్టూ ఉన్నాయి. ఒంట్లో ఏం బాగాలేదో ఎవరికీ తెలీదు. ఆయన మద్రాసులో ఏదో క్లబ్బు చూసొచ్చారు. తన పెరట్లో సపోటా చెట్ల కింద అలాంటి చోటే కావాలన్నారు. కుర్చీలు, బల్ల అన్నీ నేరేడుపండు నలుపులో ఉండాలి. చుట్టూ ముదురాకుల క్రోటన్లు, వాటి కుండీలూ నల్లవే. స్నేహితులతో కూర్చుని తాగుతుంటే దారినపోయేవాళ్ల కళ్లు పడకూడదు.

ఆ పని మాల్యాద్రికి అప్పగించారు. పాలకి పిల్లిని కాపలా పెట్టినట్టు!

ఆదిశేషమ్మ ఆ పూటే పరుగెత్తి, చెంచురామయ్య గారి భార్య ఇందిరమ్మ ముందు కళ్లనీళ్లు పెట్టుకుంది.

"అమ్మా, ఆ సీసాలు మా ఆయన కంటబడనీయబాకండి. మీకు పుణ్యముంటాది."

"దిగులు పడబాక మే. సీసాల పెట్టె తాళం నా మొలలో ఉండాది. కుర్చీల పని అయ్యిందాకా మా ఆయనకే చుక్క పొయ్యను, ఇంక మీ ఆయనకి దక్కనిస్తానా?"

పని మొదలైంది. సాయంత్రమయ్యేసరికి మాల్యాద్రి చేతులు, చొక్కా, జుట్టు అన్నీ పాలిష్‌లో ఉండే స్పిరిట్ కంపు. ఆదిశేషమ్మ ముక్కుకి ఇక పని లేకుండా పోయింది.

"పాలిష్ పనోడి దగ్గర పాలిష్ వాసన గాక మల్లెపూల వాసనొస్తాదా మే?" అని నవ్వాడు.

నిజమే అనిపించింది. అయినా మనసు ఊరుకోదు కదా. ఏదో ఒక వంకన రోజూ వెళ్లి ఇందిరమ్మని అడిగేది. పెట్టె తెరిచిందీ లేదు, సీసా కదిలిందీ లేదు అని ఆవిడ చెబితేగాని ఆదిశేషమ్మకి అన్నం సయించేది కాదు.

చెంచురామయ్య గారికి నలుపు ఎంతకీ చాల్లేదు.

"ఇంకా ముదురు రావాల మాల్యాద్రీ."

"అయితే ఇంకో పూత పడాలయ్యా. పాలిష్ తెప్పించండి."

నెల్లూరు నుంచి మళ్లీ సీసాలు వచ్చేవి. కుర్చీలు మళ్లీ నల్లబడేవి. పూత ఆరలేదంటూ ఎవర్నీ దగ్గరికి రానిచ్చేవాడు కాదు మాల్యాద్రి. చూసినవాళ్లు ఎకసెక్కాలాడారు. "అంతా ఇంత నలుపైతే తాగేవాడికి గ్లాసెట్టా కనపడుద్దయ్యా?"

ఒకనాడు సందెవేళ టీ పట్టుకెళ్లిన ఆదిశేషమ్మ కళ్లెదుటే మాల్యాద్రి ఓ కుండీని తన్నుకుని బోర్లా పడ్డాడు. ఆమె తిన్నగా ఇందిరమ్మ దగ్గరికి పరుగెత్తింది. ఇద్దరూ పెట్టె తెరిచి చూశారు. ఒక్క సీసాకీ సీలు ఊడలేదు.

ఆదిశేషమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. కుండీ నలుపు, ఆకు నలుపు, బల్ల నలుపు. మసకచీకట్లో ఎవరికైనా కాలు తగులుతుంది. మాట మీద నిలబడ్డ మనిషిని అనవసరంగా అనుమానించానే అని కుమిలిపోయింది. ఆ పూట మొగుడికి కొసరి కొసరి నెయ్యి వేసి వడ్డించింది.

చెంచురామయ్య గారు మంచిరోజు చూసి స్నేహితుల్ని పిలిచారు. కొడవలూరు నుంచి, నెల్లూరు నుంచి గంజిపెట్టిన తెల్లపంచెలతో పెద్దమనుషులు దిగారు. సపోటా కొమ్మకి పెట్రోమాక్స్ దీపం వేలాడదీశారు. ఆ వెలుగులో నల్ల కుర్చీలు నిగనిగలాడుతుంటే అందరూ ఆహా అన్నారు. మాల్యాద్రి ఓ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఇందిరమ్మకి సాయంగా వంటింట్లో వడలు వేయిస్తున్న ఆదిశేషమ్మకి ఏడాది తర్వాత మొదటిసారి గుండె తేలికపడింది. "ఆ సీసాలున్న ఇంట్లో ఇన్నాళ్లు పనిచేసి కూడా ఒక్క చుక్క ముట్టలేదమ్మా మా ఆయన" అంది ఇందిరమ్మతో. అంటుంటేనే కళ్లు చెమర్చాయి. ఒక పళ్లెంలో నాలుగు వడలు వేసుకుని మొగుడి దగ్గరికి వెళ్లింది.

మాల్యాద్రి పళ్లెం అందుకోలేదు. గాలిలో చెయ్యి ఆడించాడు.

"ఏం మే, పెద్దోళ్లు కూర్చోనుండంగానే దీపం ఆర్పేసినారేంది?"

నెత్తిమీద పెట్రోమాక్స్ బుస్సుమంటూ వెలుగుతూనే ఉంది. ఆదిశేషమ్మ చేతిలో పళ్లెం జారిపోయింది. సీసాలు పెట్టెలో ఉన్నాయి, తాళం ఇందిరమ్మ మొలలో ఉంది. మరి ఈయన ఏం తాగాడు?

ఆ చప్పుడుకి పెద్దమనుషులంతా కుర్చీల్లోంచి లేచి నిలబడ్డారు; వాళ్ల తెల్లపంచెల వెనక దట్టంగా అంటుకుని ఉన్నది ఆముదంలో కలిపిన దీపం మసి, నెల్లూరు నుంచి వచ్చిన అన్ని సీసాల పాలిష్‌లో ఒక్క చుక్కైనా ఆ కుర్చీల దాకా రాలేదు.