రెండోది

లేని గిన్నెని పట్టుకోబోయి, ఉన్న మంటలో చెయ్యి పెట్టింది సూర్యకుమారి.

"మళ్ళీ కళ్ళజోడు తీసేసేవా అమ్మా!" అంటూ కూతురు వాణి పరుగెత్తుకొచ్చి, కాలిన వేళ్ళని నీళ్ళలో ముంచింది.

థైరాయిడ్‌తో ఉబికొచ్చిన కళ్ళకి విశాఖపట్నంలో ఆపరేషన్ చేశారు. కంటిగూడులో ఎముక కొంత తీసి గుడ్లని వెనక్కి సర్దారు. చూపు దక్కింది. కానీ అప్పట్నుంచీ ఒకటి రెండుగా కనిపిస్తోంది. రాజోలు బస్సు రెండు బస్సులై వస్తుంది. ఏది ఎక్కాలో తేల్చుకునేలోగా రెండూ వెళ్ళిపోతాయి.

"కండరాలు సరిచేస్తే చాలమ్మా, రెండోది పోతుంది," అన్నాడు డాక్టరు.

ఆ మాటకి సూర్యకుమారి ఉలిక్కిపడింది. ఆ రెండో ఆపరేషన్ అయ్యేదాకా వాడమని, ఒకటే కనిపించేలా ఒక అద్దానికి ప్లాస్టరు అంటించిన కళ్ళజోడు ఇచ్చారు.

వారమంతా బుద్ధిగానే పెట్టుకుంటుంది. అమలాపురంలో టీచరు పని చేసే వాణి శనివారం గుమ్మంలోకి రాగానే మాత్రం తీసి పక్కన పెట్టేస్తుంది. ఇక కూతుర్ని చూస్తూ కూర్చుంటుంది. సరిగ్గా కూతుర్ని కాదు, ఆ పిల్ల భుజం పక్కకి. వాణికి ఒళ్ళు జలదరించేది. వెనక్కి తిరిగి చూసేది. గోడ తప్ప ఏమీ ఉండేది కాదు.

మొన్న సూర్యకుమారి సంతనుంచి కూతురికని ఒకే రకం ఎర్రగాజులు రెండు డజన్లు తెచ్చింది. "ఒక్క డజను తెస్తే నీ కళ్ళకి రెండయ్యేవి కదే!" అని భర్త నూకరాజు ఆటపట్టించాడు. కాసేపటికి ఆ గాజుల వంకే చూస్తూ నవ్వడం మానేశాడు.

రెండో ఆపరేషన్‌కి బయల్దేరే రోజు రానే వచ్చింది. వీధిలో కారు ఆగి ఉంది. సూర్యకుమారి అరుగు దిగలేదు.

"నేను రానండి," అంది మొగుడితో.

"భయమా? పెద్దదే చేయించుకున్నావు కదే!"

"భయం కాదండి."

వాణికి కోపం, ఏడుపూ కలిసి వచ్చేశాయి. "మొన్న కాలవ వంతెన మీద కాలు పక్కకేసేవు. పక్కింటి సాలమోను బాబాయి పట్టుకోకపోతే ఏమయ్యేది? నిన్ను పోగొట్టుకుని నేనెలా ఉండనమ్మా?"

సూర్యకుమారి నెమ్మదిగా కళ్ళజోడు తీసింది. కూతుర్ని చూసింది. చూపు పక్కకి జరిగి అక్కడే ఆగిపోయింది. చెంప మీదకి నీళ్ళు జారుతున్నాయి. తుడుచుకోలేదు. ఆపరేషన్‌తో మొద్దుబారిన చెంప, తడి తెలియదు.

"ఎక్కడ చూస్తున్నావమ్మా? నేనిక్కడున్నాను. ఆ రెండోది అబద్ధం. కంటి తప్పు."

"ఆ, తెలుసే."

"తెలిసీ రానంటావా?"

సూర్యకుమారి చెయ్యి చాచింది. కూతురి చెంప పక్కన, ఏమీ లేని చోట, ఆప్యాయంగా నిమిరింది.

"ఆరేళ్ళకే జ్వరంలో పోయిన నీ కవల చెల్లెలు ఇన్నేళ్ళకి నీ అంతదై నీ పక్కన నిలబడితే, మళ్ళీ ఎలా పంపించెయ్యమంటావే?"