బెల్లు మోగని పూట

పదిన్నర దాటింది. ఒక్క బెల్లు మోగితే ఒట్టు!

ఆయాకి కాలు నిలవడం లేదు. మామూలు రోజుల్లో ఈపాటికి బల్ల మీది బోర్డులో ఎర్రలైట్లు పోటీలు పడి వెలిగేవి. పద్నాలుగు మంచాలు, మంచానికో బెల్లు, పరిగెత్తడానికి ఈవిడ ఒక్కతే. ఇంకో మనిషిని ఇవ్వండి మహాప్రభో అని ఏడాదిగా పోరగా పోరగా, ఆ వృద్ధాశ్రమం వాళ్ళు చివరికి ఇవాళ ఒక సర్వే మేడమ్‌ని పంపారు. ఆవిడ పొద్దున్నే వచ్చి, గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని, స్టాప్‌వాచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పన్నెండింటి దాకా ఎన్ని బెల్లులు మోగాయో, ఒక్కోదానికి ఎంతసేపు పట్టిందో రాసుకోవాలి. దాన్ని బట్టే రెండో ఆయా.

తీరా చూస్తే ఆవిడ కాగితం మల్లెపువ్వులా తెల్లగా ఉంది.

"ఇక్కడ రోజూ ఇంత ప్రశాంతంగానే ఉంటుందా?" అడిగింది మేడమ్.

"అయ్యో, లేదండీ! ఇవాళేమైందో ఏమో..."

"ఊఁ" అని ఆవిడ ఏదో రాసుకుంది.

బెల్లులు పాడయ్యాయేమోనని ఆయా మూడో మంచం దగ్గరికెళ్ళి తనే నొక్కి చూసింది. లైటు భేషుగ్గా వెలిగింది. ఆ మంచం మామ్మ ఐదు నిమిషాలకోసారి పిలవకపోతే ఊపిరాడని మనిషి. ఇవాళ దుప్పటి గడ్డం దాకా లాక్కుని, బుద్ధిమంతురాలిలా నవ్వుతోంది.

"మామ్మగారూ, బాత్రూముకి తీసుకెళ్ళనా?"

"అబ్బే, అక్కర్లేదమ్మా."

"నిన్న ఈపాటికి నాలుగుసార్లు వెళ్ళారు కదండీ!"

"నిన్న నిన్నే, ఇవాళ ఇవాళే. నువ్వెళ్ళి హాయిగా కూర్చో."

కూర్చోమనడమా! అదీ ఈ మామ్మ! ఆయాకి అనుమానం ముదిరింది. పక్క మంచం మాష్టారు రోజూ ఆమె చేతే చొక్కా బొత్తాలు పెట్టించుకుంటారు. ఇవాళ ఒక కాజా వదిలేసి ఇంకో కాజాలోకి తనే తోసుకున్నారు. ఎదురు మంచం తాత వణికే చేత్తో తనే గ్లాసెత్తి తాగుతున్నాడు. సగం నీళ్ళు మెడ మీదుగా కారిపోతున్నా కిక్కురుమనడం లేదు.

"తాతా, ఒంట్లో బాగానే ఉందా?"

"గుండ్రాయిలా ఉన్నా. నీ పని చూసుకో."

ఏమిటీ మాయ? మందులేమైనా మారాయా? చార్టు తీసి చూసింది. అవే మందులు. అందరికీ ఒకేసారి జ్వరమా? వరసగా నుదుళ్ళు తడిమింది. చల్లగానే ఉన్నాయి.

పన్నెండయింది. మేడమ్ స్టాప్‌వాచీ సంచిలో వేసుకుంది.

"నా మాట నమ్మండి మేడమ్. ఇవాళ ఏదో తేడాగా ఉంది. రేపొక్క పూట రండి, మీకు పుణ్యముంటుంది."

"రేపు వేరే ఊళ్ళో ఉంటానమ్మా. నేను చూసిందే కదా రాయాలి?" ఆవిడ గొంతులో జాలి లేకపోలేదు. "రెండో మనిషి అక్కర్లేదని రాశాను. నీకు తీరికుంది కాబట్టి, పై అంతస్తులో పన్నెండు మంచాలు కూడా రేపట్నుంచి నువ్వే చూసుకోవచ్చని రాశాను."

ఆయాకి ఏడుపు ముంచుకొచ్చింది. కిటికీలోంచి చూస్తుండగానే మేడమ్ కారు గేటు దాటింది.

దాటిందో లేదో, బోర్డు మీద పద్నాలుగు లైట్లూ ఒక్కసారి వెలిగాయి. ఆ మోతకి చెవులు చిల్లులు పడ్డాయి. ఆయా కళ్ళు తుడుచుకుని మూడో మంచానికి పరిగెత్తింది.

"పద పద, బాత్రూముకి! ఉగ్గబట్టుకోలేక చచ్చాననుకో." మామ్మ ఆమె మెడ చుట్టూ చేతులు వేసి లేస్తూ, గర్వంగా చెవిలో అంది: "ఆవిడ నీకు పరీక్ష పెట్టడానికొస్తోందని నిన్ననే విన్నాం. అందుకే, ఆవిడున్నంతసేపూ ఎవ్వరూ నిన్ను పిలవకూడదని అందరం గట్టిగా అనుకున్నాం. ఇంతకీ నూటికి ఎన్ని మార్కులేసిందే?"