శుక్రవారం పన్నెండు గంటలకు

"నువ్వు రాసిన పైథాన్ నత్త మాదిరి పాకుతాండాది, పాపా," అన్నాడు రామలింగప్ప. మైదుకూరులో ఆయనకు చీరల కొట్టుంది. దాని వెబ్‌సైటును పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాసిపెట్టింది ఆయన అన్నగారి కూతురు శివలీల. సరిగ్గా పెళ్లిళ్ల సీజన్లో అది రోజూ కాసేపు మొరాయిస్తోంది. కొనేవాళ్లు విసిగి వేరే సైట్లకు పోతున్నారు.

శివలీల కోడంతా గాలించింది. తప్పు దొరకలేదు. సర్వర్ రికార్డు చూస్తే సోమవారం ఉదయం తొమ్మిదికి, శుక్రవారం మధ్యాహ్నం పన్నెండుకు, ఆదివారం సాయంత్రం ఆరుకు వందలమంది ఒక్కసారే ఆర్డరు నొక్కుతున్నారు.

గోడమీది క్యాలెండర్ చూసి తల పట్టుకుంది. అవన్నీ రాహుకాలం వదిలే గంటలు!

"అందరికీ నువ్వే చెప్తాండావా, చిన్నాయనా?"

"మంచిమాట చెప్పకూడదా? ఫోన్ చేసినోళ్లకంతా, రాహుకాలం పోయినాక నొక్కండని చెప్తి."

"ఈ కాలంలో గూడా రాహుకాలమేంది? నలుగురు వింటే నవ్వుతారు!" అని చీవాట్లు పెట్టి, ఆ రద్దీకి తట్టుకునేలా కోడ్ మార్చింది.

"ఐతే ఇప్పుడే సైట్లో పెట్టు," అన్నాడాయన బుద్ధిగా.

బటన్ మీద వేలుంచి, శివలీల గడియారం వైపు చూసింది. ఆ రోజు శుక్రవారం. టైము పదకొండున్నర.

"టీ చెప్పు చిన్నాయనా," అంది, వేలు తీసేసి. "తాగేలోపు పన్నెండు దాటుతాది."