వరుసలో మొదటి ఇల్లు

"ఆ గీతల కాగితం పట్టుకెళ్ళి నీ కుక్కలకు వెయ్యి. అవి కూడా వాసన చూసి వదిలేస్తాయి," అన్నాడు అగియాక్, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

గ్రామ సంఘం పెద్ద తులుగాక్ మొహం మాడ్చుకుని పటం మడిచాడు. ఒడ్డున గడ్డకట్టిన నేల ఏటా కరుగుతోంది. తుఫాను వచ్చినప్పుడల్లా గట్టు పెళ్ళలు పెళ్ళలుగా సముద్రంలో పడుతోంది. అందుకే ఇళ్ళను గుట్ట మీదికి జరపాలని ఊరంతా కూర్చుని వరుస రాసుకున్నారు. గట్టుకు దగ్గరున్నవాళ్ళే ముందు. కొన్ని ఇళ్ళు ఇప్పటికే గుట్టెక్కాయి. మిగిలిన వరుసలో మొదటి ఇల్లు అగియాక్‌ది. తర్వాతది సియాసిది.

"మావా, మంచు బాట మెత్తబడుతోంది. ట్రాక్టరు ఇంకొక్క ఇంటినే లాగగలదు. బాట మళ్ళీ గట్టిపడేది వచ్చే చలికాలమే. మధ్యలో తుఫాన్లొస్తే?"

"వస్తే కాళ్ళు కడిగి పోతాయి. నీళ్ళలో సీలు జంతువు తల ఎక్కడ లేచిందో కిటికీలోంచి కనపడకపోతే అదీ ఒక ఇల్లేనా? ఆ గుట్ట మీద మీ మొహాలు చూస్తూ బతకాలా?"

"కాదంటే నీ వంతు పోతుంది."

"పోనీ! ఆ పక్కింటి గయ్యాళి ఉందిగా, దాన్ని లాక్కుపో. ఈ ఒడ్డుకు కాస్త ప్రశాంతత."

పక్కింటి గుమ్మంలోంచి సియాసి విన్నది. భర్త వేటకెళ్ళి, కాళ్ళ కింద మంచు విరిగి సముద్రంలో మునిగిపోయాడు. ఇద్దరు చంటిపిల్లలతో ఒంటరిగా ఉంటోంది. చర్చివాళ్ళు మాంసం పంపితే తిప్పి పంపిన మనిషి. ఇప్పటికే గుట్టెక్కిన ఓ జంట, తమ వంతు వచ్చినప్పుడు తమ బదులు ఆమెను వెళ్ళమంటే, "జాలితో వచ్చిన చోట నా పిల్లలకు నిద్ర పట్టదు" అని తలుపేసింది.

"ఛీ, ముసలి వాల్రస్! తలకాయ నిండా పాత కొవ్వే," అని అరిచింది. తులుగాక్ వైపు తిరిగి, "ఆయన వద్దంటే వరుసలో నేనేగా? ఇది ఎవరి దయా కాదుగా?"

"కాదమ్మా. నీ వంతే."

"అయితే లాగించు."

ఇంటిని జాకీలతో పైకెత్తి, కింద దూలాలు కట్టారు. ట్రాక్టరు మూలిగింది. సాయం పట్టడానికి ఊరంతా వచ్చింది, అగియాక్ తప్ప. బోర్లించిన పడవ మీద కూర్చుని వెక్కిరించాడు.

"చూడండర్రా, రాణిగారి ఊరేగింపు! గోడలు రాలిపోకుండా పట్టుకోండి!"

కిటికీలోంచి పిల్లలు నవ్వుతూ చేతులూపారు. సియాసి మాత్రం అతని వైపు చూసి మంచు మీద ఉమ్మేసింది.

"సముద్రం ఒక్కణ్ణే మింగాలనుకుంటే వీణ్ణే మింగనీ," అన్నారెవరో. కాదన్నవాళ్ళు లేరు.

ఇల్లు గుట్టెక్కింది. తులుగాక్ కోపం మాత్రం దిగలేదు. ముసలాడికి నాలుగు మాటలు గట్టిగా అంటే గానీ మనసు కుదుటపడదని వెనక్కి వచ్చాడు. తుఫాను రోజుల్లో బడిలో వచ్చి పడుకోమనీ చెప్పాలి, ఎంతైనా ఊరి పెద్ద.

"మావా!"

తలుపు తోశాడు.

గదిలో సామానంతా, ఇల్లు లాగేటప్పుడు దొర్లకుండా, ఎప్పటినుంచో మూటలు కట్టే ఉంది; ముడుల మీద దుమ్ము పేరుకుంది.