స్విచ్ కాడ కావలి

“మిషన్ పైకెత్తే ముందు ఏం జెయ్యాలె?” కురుమయ్య అడిగాడు.

“తీగలెక్కడున్నయో జూడాలె. పొద్దటి నుంచి నాలుగుసార్లు అడిగినవ్ మామా!” గిరిధర్ నవ్వాడు.

“ఐదోసారి గూడ చెప్పు. ఏం బోతది?”

“కొమ్మ కింద నిలవడొద్దు, పక్కకు నిలవడాలె. మొదలు కింది నుంచి గాటు పెట్టి, తర్వాత పైనుంచి కొయ్యాలె. లేకుంటే చీలి మీదికొస్తది.”

“ఈ గొట్టం తీగకు తగిలితే?”

“కరెంటు నా చేతికొస్తది. అందుకే స్విచ్ దించినంకనే పని. మా నాయన లెక్క నేను మర్చిపోను.”

గిరిధర్ హెల్మెట్ పట్టీ బిగిస్తున్న కురుమయ్య వేళ్లు ఒక్క క్షణం ఆగాయి. తర్వాత ఇంకో మెట్టు బిగించాడు.

గిరిధర్ వనపర్తిలో ఈ పని నేర్చుకుని, పొడుగు గొట్టం చివర రంపమున్న కోత మిషన్ కొనుక్కొచ్చాడు. సొంతూళ్లో, కోడేరు శివారులో, ఇదే మొదటి పని. పొలం గట్టు మీది కానుగ కొమ్మలు కరెంటు తీగలకు రాసుకుంటున్నాయి. తల్లి రేణుకమ్మ మొదట ససేమిరా అంది. చివరికి, కురుమయ్య స్విచ్ దగ్గర కావలి ఉంటేనే వెళ్లమంది.

ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. నాలుగేళ్ల కింద ఇదే లైను కింద, ఇనుప గొట్టానికి కొడవలి కట్టిన దోటితో కొమ్మలు కొడుతూ ఆమె భర్త యాదయ్య పోయాడు. జనం వచ్చి చూసేసరికి ట్రాన్స్‌ఫార్మర్ స్విచ్ ఎత్తే ఉంది. దించడం మరిచిపోయి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడని ఊరు తేల్చేసింది. ఆ రోజు అందరికంటే ముందు చేరి, యాదయ్యను భుజాన వేసుకుని దవాఖానకు ఉరికింది కురుమయ్యే. ఇద్దరూ చిన్ననాటి దోస్తులు. ఆ దిగులుతోనే మోటరు అమ్ముకున్నాడని, నీళ్లున్న బోరును వదిలేసి వానకు పండే కందులతో సరిపెట్టుకుంటున్నాడని జనం జాలిపడతారు. ఆనాటి నుంచి ఎవరు తీగల కింద చెట్టు కొట్టినా, పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చి స్విచ్ కింద కూర్చుంటాడు.

లైన్‌మన్ స్విచ్ దించి ఇంకో ఊరికి వెళ్లిపోయాడు. కురుమయ్య తన ఎర్ర తువ్వాలను ఆ హ్యాండిల్‌కు కట్టి చతికిలబడ్డాడు. మిట్ట అవతలి నుంచి మిషన్ చప్పుడు మొదలైంది. అది కాస్త ఆగితే చాలు, ఆయన లేచి నిలబడుతున్నాడు. మళ్లీ మొదలైతే కూర్చుంటున్నాడు.

అరగంటకు పక్క పొలం మాసయ్య బండి మీద వచ్చాడు.

“మోటరు బందైతే వచ్చిన. ఎవడో దించి మర్చిపోయిండనుకున్న. జరుగన్నా, ఎత్తుత.”

“అట్లనే అనుకుంటరు,” కురుమయ్య గొణిగాడు. “వద్దు. కొమ్మలు కోస్తున్నరు.”

“చప్పుడు లేదు, మనిషి లేడు. ఎవరు కోస్తున్నరు?”

నిజమే, మిషన్ చప్పుడు ఆగింది.

“ఈడికెళ్లి కనవడరు మాసయ్యా. మిట్ట అడ్డం.”

మాసయ్య వినలేదు. “పల్లి ఊడలు దిగుతున్నది. ఇప్పుడు తడి లేకుంటే చేను పాయె! మోటరు లేనోనివి, నీకేం ఎరుక?”

“నాకు ఎరుకే!”

ఆ కేకకు మాసయ్య ఉలిక్కిపడ్డాడు. అయినా తువ్వాల లాగబోయాడు. కురుమయ్య అతని చెయ్యి పట్టుకున్నాడు. పెనుగులాటలో కింద పడ్డాడు, మోచెయ్యి చీరుకుపోయింది. పడినచోటి నుంచే లేచి, రెండు చేతులతో ఆ హ్యాండిల్‌ను కరుచుకున్నాడు. అరవై ఏళ్ల మనిషి చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు.

మాసయ్యకు సిగ్గేసింది. “దోస్తు యాదికొచ్చిండా అన్నా? ఊకో. మాపటికి తడి పెట్టుకుంట తీ,” అని బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

అంతలో మళ్లీ మిషన్ మోగింది. కురుమయ్య కళ్లు మూసుకుని దాన్నే వింటూ నిలబడ్డాడు.

ఎండ నెత్తికెక్కాక గిరిధర్ హెల్మెట్ చేత పట్టుకుని మిట్ట ఎక్కి వచ్చాడు. వెనకే రేణుకమ్మ, జొన్నరొట్టెల మూటతో. కొడుకు ఒళ్లు నిమురుతూనే ఉంది పిచ్చితల్లి.

“నీ రుణం తీరేది గాదన్నా,” అంటూ ఆమె రొట్టె ఆయన చేతిలో పెట్టింది. “నాలుగేండ్ల సంది ఆయన మీద కోపమే నాకు. ఫొటోకు దీపం గూడ పెట్టలే. ఒక్క స్విచ్ దించనీకె యాది లేకపాయెనా, మమ్ముల నట్టేట్ల ముంచిపాయెనని.”

కురుమయ్య రొట్టెను తిరిగి మూట మీద పెట్టాడు. “చెల్లె...” అన్నాడు.

“ఏందన్నా?”

ఆమె ముఖం చూశాడు. “దీపం పెట్టమ్మా,” అన్నాడు చివరికి. “వాడు మంచోడు.”

“లైన్‌మన్‌కు ఫోన్ జేసిన, స్విచ్ ఎత్తమన్నడు,” గిరిధర్ తువ్వాల విప్పి ఇచ్చాడు. “నువ్వే ఎత్తు మామా. నీ చెయ్యి మంచిది.”

కురుమయ్య రెండడుగులు వెనక్కి వేసి, తువ్వాలలో ముఖం దాచుకున్నాడు.

ఆ రోజు యాదయ్య దించిన స్విచ్‌ను మళ్లీ ఎత్తింది ఆ చెయ్యే.