ఎవరి పిల్లలో

"పిల్లలిద్దర్నీ సర్కారు అనాథాశ్రమానికి పంపక తప్పదు మార్తా. నా చేతుల్లో ఏమీ లేదు," అన్నాడు జడ్జి ఎల్మర్ టీడ్‌మన్.

మా నెబ్రాస్కా ఊళ్ళో అందరూ ఆ వేళ కోర్టులోనే ఉన్నారు. ఆశ్రమం బండి బయట ఆగి ఉంది. భర్త పోయాక మార్తా కోలార్ నలుగురి బట్టలూ ఉతికి పిల్లల్ని సాకుతోంది. కడుపునిండా తిండి పెట్టలేని ఇంట్లో పిల్లల్ని ఉంచకూడదని చట్టం.

"ఆ చట్టం తెచ్చింది మీరే కదా?" అంది మార్తా.

"నేనే. శాసనసభలో ఉన్నప్పుడు తెచ్చాను. పిల్లల మంచికే."

"తెలుసు. ఓట్లకొచ్చినప్పుడు మా వంటింట్లో కూచుని చెప్పారుగా. నాకూ నచ్చింది. మా ఆయన చేత కూడా మీకే వేయించాను." ఆమె పిల్లల వైపు చూసింది. "అప్పుడది ఎవరి పిల్లల గురించో అనుకున్నాను."



"నేనూ అలాగే అనుకున్నాను," అన్నాడు టీడ్‌మన్.

లేచి, నల్లగౌను విప్పి కుర్చీ మీద వేశాడు.

"ఇదేంటండీ?" గుమాస్తా కంగారుపడ్డాడు.

"రాజీనామా చేస్తున్నాను. వేరే జడ్జి వచ్చేదాకా పిల్లలు తల్లి దగ్గరే ఉంటారు. ఈమెకి ప్లీడరు లేడు, నేనే ఉంటాను."

దిగివచ్చి మార్తా పక్కన కూచున్నాడు. ఆమె పిల్లలిద్దర్నీ దగ్గరికి లాక్కుంది.

"గెలుస్తామా?" అని మెల్లగా అడిగింది.

"తెలీదమ్మా. ఆ చట్టాన్ని ఎక్కడా సందు లేకుండా రాశాను."